నర్సింగమ్మ టీవీలో పేగులు

లింగస్వామి సార్‌కు పిల్లలకు వీపు చూపించి పాఠం చెప్పడమంటే మహా చిరాకు. దేవరకొండ దాటాక వచ్చే తుమ్మలరాయి హైస్కూల్లో ఆయన జీవశాస్త్రం చెబుతారు. బోర్డు వైపు తిరిగారంటే చాలు, వెనక బెంచీల్లో ఇంకో బడి మొదలవుతుంది. అందుకే బడికి గోడంత టీవీలాంటి ప్యానెల్ వచ్చి, దాని మీద పాఠం చెప్పడం నేర్చుకోవడానికి నల్గొండకు శిక్షణకు పంపినప్పుడు, అక్కడ ఒక సంగతి చూసి ఆయన మనసు పారేసుకున్నారు. చేతిలో ట్యాబ్ పట్టుకుని గదంతా తిరగొచ్చు. ట్యాబ్ మీద గీసింది గీసినట్టే ప్యానెల్ మీద పడుతుంది, మధ్యలో వైరు ముక్క ఉండదు. అంటే వెనక బెంచీ పక్కన నిలబడి ముందున్న బోర్డు మీద రాయొచ్చు! పంతులుకు ఇంతకు మించిన మోక్షం ఏముంటుంది?

మోక్షానికి అడ్డం హెడ్మాస్టర్ జానమ్మ మేడం. దసరాకు ఆ ప్యానెల్‌కు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి, పాత చీర కప్పిన ఆవిడ మళ్లీ ఎవరినీ ముట్టుకోనియ్యలేదు. ముట్టుకుంటే పాడవుతుందట. ముట్టుకోకపోతే ఏమవుతుందో పైవాళ్లు చెప్పారు: వాడని ప్యానెళ్లను విప్పి వేరే బళ్లకు పంపిస్తారు, చూసి రాసుకోవడానికి కమలాకర్ అనే ఆఫీసర్ వస్తున్నారు. లింగస్వామి సార్ ఇక ఆగలేదు. మేడంను బతిమాలి, బామాలి, చీర తీయించి, ఒక పొద్దున ట్యాబ్ కలిపి చూసుకున్నారు. జాబితాలో ఒక్కటే పేరు వచ్చింది, నొక్కారు, పడింది. ఆయన చిన్నపిల్లాడిలా గదిలో చిందులు వేశారు.

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. ఆ ప్యానెల్‌ను గోడకు బిగించింది ఎల్లేష్. ఊళ్లో డిష్ పెట్టాలన్నా, టీవీ బిగించాలన్నా అతనే రావాలి. మంచివాడే, పనీ వచ్చు, కాకపోతే ప్రచారం పిచ్చి. బిగించిన ప్రతి టీవీకీ లోపల తన దుకాణం పేరు పెట్టనిదే అతనికి అన్నం సహించదు. అలా ఊళ్లో టీవీలన్నిటి పేరూ 'ఎల్లేష్ డిష్ సెంటర్'. బడి ప్యానెల్ పేరూ అదే. లింగస్వామి సార్ కలిపి చూసిన పొద్దున ఊరంతా చేలల్లో కలుపు తీయడానికి పోయింది కాబట్టి టీవీలన్నీ నిద్రలో ఉన్నాయి.

ఆఫీసర్ వచ్చిన రోజున ముసురు పట్టింది. ముసురులో కలుపుకు ఎవరు పోతారు? ఇంటింటా టీవీ మోగుతోంది.

కమలాకర్ సార్ వెనక కుర్చీలో కూర్చుని, వాన చినుకులు అంటిన బట్టతలను రుమాలుతో తుడుచుకున్నారు. లింగస్వామి సార్ ట్యాబ్ తెరిచారు. జాబితాలో ఎల్లేష్ డిష్ సెంటర్ ఒకటి కాదు, వరసగా నాలుగున్నాయి. ట్యాబ్‌కు మతి పోయి ఒకే పేరును మళ్లీ మళ్లీ చూపిస్తోందనుకుని అన్నిటికంటే పైదాన్ని నొక్కారు. కాసేపు తిరిగి తిరిగి 'కలిసింది' అని వచ్చింది. ప్యానెల్ మాత్రం నీలంగా, ఏమీ ఎరగనట్టుగా ఉంది.

"వస్తది సార్, జర టైం తీసుకుంటది" అన్నారు నవ్వు తెచ్చిపెట్టుకుని.

అప్పుడే ప్రహరీ అవతలి నుంచి ఒక కేక. "ఓ అవ్వో! గిదేందే, పేగులు!"

అది నర్సింగమ్మ గొంతు. ఆమె ఇల్లు బడి గోడను ఆనుకునే ఉంటుంది, వాళ్లకు గొర్రెల మంద ఉంది. గొర్రెను కోసినట్టున్నారని సార్ పట్టించుకోలేదు. ఈలోపు ప్యానెల్ దయ తలుస్తుందన్న ఆశతో పాఠం మొదలుపెట్టి, ట్యాబ్‌లో జీర్ణవ్యవస్థ బొమ్మ మీద ఎర్రగా సున్నా చుట్టారు.

"నేను ఎర్ర సున్నా చుట్టినదేంది? ఎవరు చెప్తరు?"

పిల్లలు నీలం ప్యానెల్‌ను చూశారు, సార్ మొహం చూశారు, మళ్లీ నీలాన్ని చూశారు.

"కడుపు!" అంది గోడ అవతలి గొంతు.

పిల్లలు కిసుక్కున నవ్వారు. సార్ గొంతు సవరించుకుని, ఇంకో చోట బాణం గుర్తు వేశారు. "మరి ఈ బాణం దేన్ని చూపిస్తాంది?"

"కార్జం! దాని కింద పచ్చగున్నది చేదుసంచి. అది పలిగితే కూరంత చేదే సారూ!"

కమలాకర్ సార్ కుర్చీలో ముందుకు జరిగారు. "లింగస్వామి గారూ, మీరు గీసిన బాణం ఎక్కడున్నది?"

"ట్యాబ్‌ల ఉన్నది సార్."

"మాకు కనబడని బాణం ఆమెకెట్ల కనబడుతాంది?"

లింగస్వామి సార్ ట్యాబ్‌ను అటూ ఇటూ తిప్పి చూశారు. అదే నిమిషంలో అది టింగుమంది. ఇంటి నుంచి భార్య స్వరూప మెసేజ్. ఆయన చదివేలోపే అవతల సైదమ్మ మొదలుపెట్టింది. సైదమ్మ మహిళా సంఘం లీడరు, ఏ కాగితం దొరికినా పదిమందికీ వినిపించేలా చదవడం ఆమెకు అలవాటు.

"'గా బట్టతల ఆఫీసర్ పోయిండా, ఇంక గాడ్నే కూసున్నడా? ఆయన పోంగనే తలకాయ కూర పట్టుకరా.'"

"సారూ!" అని అరిచింది నర్సింగమ్మ. "నీ పెండ్లాం అడుగుతాంది, జవాబియ్యి!"

తరగతి మొత్తం పగలబడి నవ్వింది. కమలాకర్ సార్ చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది. లింగస్వామి సార్‌కు భూమి చీలితే బాగుండుననిపించింది. ప్యానెల్ పోయింది, పరువూ దాని వెంటే పోయింది, ఇక ఇంటికి పోతే తలకాయ కూర కూడా పుట్టదు.

ఆఫీసర్ లేచి, తుంపరలోనే నర్సింగమ్మ ఇంటికి నడిచారు. వెనకే లింగస్వామి సార్, ఆయన వెనక తరగతి మొత్తం. లోపల వాడకట్టు ఆడవాళ్లంతా చాప మీద కూర్చున్నారు. ఎదురుగా టీవీలో కడుపు, దాని చుట్టూ ఎర్ర సున్నా, పక్కన బాణం. మూలకు చిన్న అక్షరాల్లో 'ఎల్లేష్ డిష్ సెంటర్'. నాలుగు పేర్ల సంగతి లింగస్వామి సార్‌కు అప్పుడు వెలిగింది.

"నువ్వేనా సారూ పెట్టింది?" అంది నర్సింగమ్మ. "సీరియల్ల కోడలు విషం పాలు నోటికాడ పెట్టుకున్నది. గప్పుడే టీవీ ఏదో అడిగింది. ఏమన్న అడిగితే నడిమి బొత్తం ఒత్తుమని ఎల్లేష్ చెప్పిండు గద, ఒత్తిన. పాలు పోయి పేగులొచ్చినయ్."

సార్ తలవంచుకుని ట్యాబ్‌ను విడదీశారు. కోడలూ పాలగ్లాసూ తిరిగొచ్చాయి. ఆడవాళ్లు హమ్మయ్య అనుకున్నారు.

"నా నెత్తి సంగతి వదిలెయ్యండి" అన్నారు కమలాకర్ సార్. "నాది చూసి రాసే నౌకరి. ప్యానెల్ మీద పడంగ నేను చూడలే. గిట్లనే రాస్తే రేపు బండి వస్తది, అది మోత్కూర్ దిక్కు ఇంకో బడికి పోతది."

"ఈ చుట్టుపక్కల టీవీలు జరసేపు బంద్ చేస్తే మాదేదో తెలుస్తది సార్" అన్నారు లింగస్వామి సార్, తనకు కూడా సరిగా వినబడనంత మెల్లగా. ఆడవాళ్ల కళ్లు పాలగ్లాసు మీదే ఉన్నాయి. అడగకూడనిది అడిగానని ఆయన సిగ్గుపడ్డారు.

నర్సింగమ్మ టీవీ వైపు చూసింది. గుమ్మంలో తడుస్తూ నిలబడ్డ పిల్లల వైపు చూసింది. అందులో ఆమె మనుమరాలు మనీష కూడా ఉంది.

"తాగితే తాగనీ, సస్తే సస్తది" అని కోడలిని ఆ గ్లాసుతోనే వదిలేసి టీవీ ఆపింది. వానకు తడవకుండా గోనెసంచిని నెత్తిన కొప్పెరలా వేసుకుని వాడకట్టులోకి దిగింది. "టీవీలు బంద్ చెయ్యిర్రే! మన బడి టీవీ ఎత్కపోతాన్రంట! బంద్ చెయ్యిర్రి!"

లింగస్వామి సార్ తరగతికి పరుగెత్తి ట్యాబ్ ముందు పెట్టుకున్నారు. ఒక పేరు మాయమైంది. ఇంకొకటి పోయింది. రెండు మిగిలాయి. అందులో ఒకటి చాలాసేపు మొండికేసింది. దూరంగా నర్సింగమ్మ తిట్లు వినబడ్డాయి, అవి ఇక్కడ రాసేవి కావు, ఆ తర్వాత అదీ పోయింది. మిగిలిన ఒక్కదాన్ని సార్ కళ్లు మూసుకుని నొక్కారు.

పిల్లలు ఒక్కసారిగా అరిచారు. ప్యానెల్ నిండా జీర్ణవ్యవస్థ! లింగస్వామి సార్ ట్యాబ్ పట్టుకుని నేరుగా వెనక బెంచీ దగ్గరికి పోయి నిలబడ్డారు. అక్కడి నుంచి గీస్తే గోడ మీద గీత పడుతోంది. వెనక బెంచీ మొహాలు చూసి తీరాల్సిందే, వాళ్ల రాజ్యం ఇవాళ్టితో సరి.

"సరే, ఇది ఈడ్నే ఉంటది" అన్నారు కమలాకర్ సార్, పెన్ను తీస్తూ.

గుమ్మం దగ్గర అలికిడైంది. నర్సింగమ్మ, సైదమ్మ, వాళ్ల వెనక వాడకట్టు మొత్తం. కొంగులు పిండుకుంటూ వచ్చి, పిల్లలను జరిపి బెంచీల చివర్లలో సర్దుకున్నారు. చోటు చాలక నర్సింగమ్మ నిలబడితే కమలాకర్ సారే లేచి కుర్చీ ఇచ్చారు.

"టీవీలన్ని బంద్ చేసినం, ఇంటికాడ ఏం చెయ్యాలె?" అంది ఆమె కూర్చుంటూ. "మొదటికెళ్లి చెప్పు సారూ, బువ్వ నోట్ల పెట్టుకున్నకాడికెళ్లి."

లింగస్వామి సార్ పాఠం వింటూ నిద్రపోయినవాళ్లున్నారు, కిటికీలోంచి దూకి పోయినవాళ్లున్నారు, కానీ ఆయన పాఠం కోసం సీరియల్ ఆపుకుని వచ్చినవాళ్లను ఇన్నేళ్ల నౌకరీలో చూడలేదు. కళ్లు తుడుచుకుని, నోటి బొమ్మ తీసి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు.