పగులు మీద పట్టీ

ఇంజనీరు పదకొండింటికి వస్తానన్నాడు. ఎనిమిదింటి నుంచే నున్జియాతా కాలుగాలిన పిల్లిలా వంటింటికీ పడగ్గదికీ మధ్య తిరుగుతోంది. రెండుసార్లు కాఫీ కాచింది, రెండుసార్లూ తాగడం మరిచిపోయింది.

ఇటలీ తీరాన, అగ్నిపర్వతం నెత్తిన కూర్చున్న పొజ్జువోలి ఊళ్లో నేల కదలడం కొత్తేమీ కాదు. రెండువేల ఏళ్లుగా అది తన ఇష్టమొచ్చినట్టు లేస్తోంది, దిగుతోంది. పాత రోమన్ సంతలో నిలిచిన మూడు స్తంభాల నడుముల్లో ఆల్చిప్పలు తొలిచిన కన్నాలున్నాయి. ఒకప్పుడు సముద్రం అంతెత్తున నిలిచిందన్నమాట. ఇప్పుడేమో నేల ఉబ్బి, రేవులో పడవలు బురదలో కూలబడ్డాయి. ఊరివాళ్లు దీన్ని వానా ఎండల గురించి చెప్పుకున్నట్టే చెప్పుకుంటారు. తమ ఇంటి గోడ పగిలినప్పుడు మాత్రం ఎవరి నోరూ పెగలదు.

నున్జియాతా ఇంట్లో పడగ్గది గోడ పోయిన నెల పగిలింది. ఇంజనీరు వచ్చి, పగులుకు అడ్డంగా పల్చని ప్లాస్టర్ పట్టీ వేసి, ఆరకముందే దాని మీద మేకుతో తేదీ గీశాడు.

"ఇది విరిగిందంటే గోడ ఇంకా కదులుతున్నట్టే. ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే అమ్మా. విరక్కపోతే నెల తర్వాత వచ్చి, ఇంట్లో ఉండొచ్చని కాగితం మీద సంతకం పెడతాను."

మొన్న మధ్యాహ్నం నేల ఊగింది, పట్టీ విరిగింది. కొడుకు ఓడ మీద డ్యూటీలో ఉన్నాడు. కోడలు ఇమ్మా చంటిపిల్లకు టీకా వేయించడానికి వెళ్లింది. నున్జియాతా తలుపు గడియపెట్టి, విరిగిన పట్టీని గోకేసి, కొత్తది పూసి, పాత తేదీనే గీసింది. తెల్లగా మెరవకుండా పైన కాఫీ పిప్పి నీళ్లు అద్దింది. ఇంత పనితనం ఎక్కడిదంటే, ఇరవై ఏళ్లుగా కొండ మీది పాతపేటలో, నేల కింద బయటపడ్డ రోమన్ వీధుల్లో యాత్రికులను తిప్పే ఉద్యోగం ఆమెది. అక్కడి గోడల నిండా ఇలాంటి పట్టీలే.

ఆమె పుట్టిందీ ఆ పేటలోనే. పంతొమ్మిది వందల డెబ్భైలో నేల లేచినప్పుడు సైనికులు పేటంతా ఖాళీ చేయించారు. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్లు. నాలుగు రోజుల్లో వచ్చేస్తామనుకుని వాళ్లమ్మ చిక్కుడు గింజలు నానబెట్టి మరీ బయల్దేరింది. మళ్లీ ఆ గడప తొక్కింది లేదు. ఇప్పుడు నున్జియాతా రోజూ జనానికి "ఇది రోమన్ల రొట్టెల కొట్టు, ఇవి తిరగళ్లు" అని చూపిస్తుంది. సరిగ్గా దాని నెత్తిన తమ వంటిల్లు ఉండేదని ఒక్కరికీ చెప్పదు. ఒక ఇల్లు పోయింది, రెండోది పోతే తట్టుకోలేదు. అంతకు మించి ఏ దురుద్దేశమూ లేదు పాపం.

ఇంజనీరు రానే వచ్చాడు. టార్చి వేసి పట్టీని పైనుంచి కిందికి చూశాడు.

"చెక్కు చెదర్లేదే. మీ గోడ సంతలో స్తంభాల కంటే గట్టిదమ్మా" అన్నాడు.

"మా అత్తయ్య కళ్లెర్రజేస్తే గోడైనా కదలదండీ" అంది ఇమ్మా.

అతను నవ్వుతూ కాగితం మీద సంతకం పెట్టాడు. నున్జియాతా గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆ సుఖం నిండా నిమిషం నిలవలేదు. ఇమ్మా పిల్ల ఉయ్యాలను గది ఆ చివరినుంచి ఈడ్చుకొచ్చి, పగులు కిందే పెట్టింది.

"అక్కడొద్దే."

"ఎందుకొద్దు? కిటికీ గాలి వచ్చేది ఇక్కడేగా. నెల్నాళ్లుగా ఉక్కకి చచ్చిపోతోంది పిల్ల. ఇంజనీరుగారే బాగుందన్నారు కదా."

ఇమ్మా పిల్లను పడుకోబెట్టింది. పిల్ల గోడ వైపు కాళ్లు తన్నుకుంటూ ఆడుకుంటోంది. నున్జియాతా ఒక్క ఉదుటున వెళ్లి పిల్లను ఎత్తుకుంది.

"అది నెల కిందటి పట్టీ కాదు. పాతది మొన్న విరిగింది. ఇది నేనే వేశాను" అంది ఇంజనీరుతో.

అతను ఆ కాగితాన్ని రెండుగా చించాడు. సంచిలోంచి ఎర్ర నోటీసు తీసి, రాయడం మొదలుపెట్టాడు.

ఇమ్మా అత్తగారినే చూస్తోంది. "రెండు రాత్రులు ఈ గదిలోనే పడుకున్నాం అత్తయ్యా. మీకు తెలుసు."

"నేను పడుకోలేదే తల్లీ. రెండు రాత్రులూ గుమ్మంలోనే కూర్చున్నాను."

"కూర్చుని? గోడ పడితే పట్టుకునేవారా?"

నున్జియాతా పిల్లను భుజం మీదికి ఎత్తుకుంది.

"గంటలో ఇల్లు ఖాళీ చెయ్యాలి" అన్నాడు ఇంజనీరు, తల ఎత్తకుండా.

"నువ్వు బట్టలు సర్దుకో ఇమ్మా. పిల్లను నేను చూస్తాలే."

ఇమ్మా దగ్గరకొచ్చి ఆమె చేతుల్లోంచి పిల్లను తీసుకుంది. ఆ నిమిషానికి ఆ ఇంట్లో ఉన్న పెద్దవాళ్లు ముగ్గురే. పిల్లను తీసుకెళ్లి ఇంజనీరు చేతుల్లో పెట్టి, బట్టలు సర్దుకోవడానికి వెళ్లింది.