7907 తరువాత

కాలేజీ దరఖాస్తుకు గడువు శుక్రవారం సాయంత్రం అయిదు గంటలు. బుధవారం మధ్యాహ్నం పెద్దమ్మాయి ఆఖరి భాగహారం ముగించి ఏడో నోటుపుస్తకం మూసింది.

పందెం తండ్రిది. ముప్పయ్యేళ్లు బళ్లో లెక్కలు చెప్పిన మనిషి కాబట్టి ఇంట్లో భార్య కూడా మాస్టారనే పిలుస్తుంది. కూతురు గణితం చదువుతానంటే ఒక సంఖ్య రాసి చేతిలో పెట్టాడు: 82,93,48,951. ఇది ప్రధాన సంఖ్యో కాదో కాగితం మీద తేల్చితే ఫారం మీద సంతకం పెడతాను, తప్పితే చదువు మాట మళ్లీ ఎత్తకూడదు అన్నాడు. కాలిక్యులేటరు ముట్టుకోకూడదు.

దాని వర్గమూలం 28,798 కన్నా కాస్త ఎక్కువ. అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. ఒక్కదానితో శేషం సున్నా వచ్చినా అది ప్రధాన సంఖ్య కాదు. మొత్తం మూడు వేలకు పైగా భాగహారాలు. ఆ ప్రధాన సంఖ్యల పట్టిక మాస్టారే తన చేత్తో రాసి ఇచ్చాడు. మొదటి వారంలో ఆమె దాన్ని సరిచూడబోతే, తండ్రి రాతనే అనుమానించేంతదానివయ్యావా అని రెండు రోజులు పలకలేదు. ఆమె లెంపలేసుకుంది.

ఎనిమిది నెలలు పొద్దున్నే టైలరు షాపులో కాజాలు కుట్టింది, మధ్యాహ్నాలు రోజుకి పదమూడు భాగహారాలు చేసింది. వేలు కాయ కాసింది. శేషం ఎప్పుడూ ఎంతో కొంత మిగిలింది.

ప్రధాన సంఖ్యే నాన్నా, అంది. మాస్టారు మూడో పుస్తకం తెరిచి 7907 దగ్గర వేలు పెట్టాడు.

“దీని తర్వాత ఏముంది?”

“7927.”

ఆయన పెన్సిలు తీసుకుని 7919 వేశాడు. దాన్ని 1,04,729తో గుణించాడు. గీత కింద ఆమె సంఖ్యే వచ్చింది.

“పట్టిక నువ్వు రాసిందే కదా నాన్నా.”

“కావాలనే వదిలాను. లెక్కల్లో తండ్రి మాట నమ్మేదానికి కాలేజీ దేనికమ్మా, దండగ.”

భార్య వంటింట్లోంచి, పిల్లతో ఈ పరాచకాలేంటి మాస్టారూ అంది. ఆయన భోజనం వడ్డించమని కడుపునిండా తిన్నాడు.

గడువు దాటిపోయింది. ఆదివారం మాస్టారు చిన్నమ్మాయిని పిలిచి, నీ వంతు వచ్చే ఏడు అంటూ వేరే సంఖ్యా, కొత్త పట్టికా ఇచ్చాడు. చిన్నది ఆ పట్టిక పట్టుకుని నేరుగా అక్క దగ్గరికి వచ్చింది.

“నేను నీలా నాన్నని గుడ్డిగా నమ్మనులే అక్కా. మళ్లీ ఏదో మింగేసే ఉంటాడు. నువ్వు చూసిపెట్టు.”

ఎనిమిది నెలల్లో ఆ సంఖ్యలన్నీ పెద్దమ్మాయికి కంఠతా వచ్చేశాయి. వరసలో వేలు జరుపుకుంటూ పోయి 10,007 దగ్గర ఆగింది. పక్కన 10,009 ఉండాలి. 10,037 ఉంది.

ఆమె చివరి వరస దాకా చదివింది. పట్టిక మడిచి చెల్లెలి చేతిలో పెట్టింది.

“అన్నీ ఉన్నాయే. మొదలుపెట్టు.”