సుగుణ ఎవరి ఒడిలో ఏడ్చింది

తండ్రి పోయిన దుఃఖాన్ని బిడ్డ తన ఒడిలో ఎందుకు దించుకోలేదన్న సందేహం మొగిలమ్మను తొమ్మిదేళ్లుగా వదల్లేదు. బడిలో నీళ్ల కుండలు తోముతున్నప్పుడు మరీ గుచ్చేది. గుళ్లో భద్రకాళమ్మను తప్ప ఎవరినీ అడగలేదు.

డెబ్బై మూడులో భర్త పోయినప్పుడు పెద్దలు ఆమెను పదకొండు రోజులు మూలన కూర్చోబెట్టారు. కొత్తగా బొట్టు చెరిగిన ముఖం పసిపిల్ల చూడకూడదన్నారు. ఆమె సరేనంది. ఏడేళ్ల సుగుణను బడికి పంపారు. అక్కడ రాజేశ్వరి టీచర్ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని తన డబ్బాలోని అన్నం ముద్దలు చేసి తినిపించేదట. పన్నెండో రోజు తల్లి చేతులు చాచింది.

"నేను టీచర్ దగ్గర ఏడ్సిన గదనే" అంది సుగుణ.

తర్వాత అదే బడిలో మొగిలమ్మ ఆయమ్మగా చేరింది. అందరికీ చాయ్ పొగలు కక్కుతుండగా ఇచ్చేది. రాజేశ్వరి టీచర్‌కు మాత్రం చల్లారాక, ఆఖరున.

ఇవాళ ఆ టీచర్ తొర్రూరుకు బదిలీపై వెళ్తోంది. పొద్దున సుగుణ ఆమె కోసం దండ గుచ్చుతూ ఏడ్చింది.

"నేను పోతే గింత ఏడ్తవా?"

"నువ్వెక్కడికి పోతవే అమ్మా!" అని నవ్వేసింది పిల్ల. ఆ నవ్వు మొగిలమ్మకు రోజంతా మంటగానే ఉంది.

మధ్యాహ్నం టీచర్ సంచీతో కుండల దగ్గర ఆగింది.

"మొగిలమ్మా, మూడో తరగతి సమ్మక్క తల్లి పోయింది గద. ఇయ్యాలనే బడికొచ్చింది. ఇంకా ఏడ్వలేదు. జర చూసుకో."

"సదువుకున్న టీచర్లు లేరా? నాకేం తెలుసమ్మా?"

"నీకే తెలుసు. ఆనాడు సుగుణ నా ఒళ్లె ఏమని ఏడ్సిందో ఎరుకేనా? 'మా అమ్మను చూడనిస్తలేరు' అని. నాయన పేరే ఎత్తలే."

మొగిలమ్మ చేతిలో పీచు ఆగింది.

"ఇన్నేండ్లు చెప్పకపోతివి?"

"నువ్వు నాతోని ఎన్నడు మాట్లాడినవ్?"

రిక్షా గేటు దాటింది. మొగిలమ్మ మొదటిసారి చెయ్యెత్తింది. టీచర్ అటు తిరిగి కూర్చుంది, చూడలేదు.

అన్నం గంట కొట్టారు. సమ్మక్క ఉత్త చేతులతో మెట్ల మీద కూర్చుంది. మొగిలమ్మ పక్కన చేరి, తన డబ్బా తీసి, సర్వపిండి రొట్టె తుంచి పిల్ల నోట్లో పెట్టింది. రెండో ముక్కకు పిల్ల గడ్డం వణికింది. మూడోది సగం కొరికి వదిలి, ఆమె ఒడిలో ముఖం దాచి, వీపంతా అదిరేలా ఏడ్చింది.

"ఏడువు బిడ్డా. ఎవ్వలు ఏమనరు."

తొమ్మిదేళ్ల నాటి అన్నం ముద్దల బాకీ అలా తీరింది.

గంట మోగగానే సమ్మక్క మొగిలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని తరగతికి వెళ్లింది. చిన్న పళ్ల గాట్లతో ఒక సర్వపిండి ముక్క డబ్బా మూతలో మిగిలింది.