పిచ్చుకల కోసం ఊడ్చిన నేల

ఇలా దగ్గరికి రావే, చిట్టితల్లీ. ఆ కిటికీ రెక్క కాస్త తెరిచి, నా పక్కన సర్దుకుని కూర్చో. వినిపిస్తోందా ఆ కిచకిచ? పుట్టినప్పటి నుంచీ వింటున్నావు కాబట్టి నీకది వింత కాదు. అది వినపడని రోజులు నాకు తెలుసు. దాన్ని మళ్లీ రప్పించడానికి మీ నాన్నకు నాయనమ్మ, అంటే మా అత్తగారు, తను ఎంత అవస్థ పడిందో, మమ్మల్నెంత అవస్థ పెట్టిందో చెబుతాను. మధ్యలో ఫోను చూశావంటే మళ్లీ మొదటి నుంచి చెబుతాను, నీ ఇష్టం.

మన పెరటి గోడ అవతల ఇప్పుడు పిచ్చిమొక్కలున్న చోట ఒకప్పుడు కోతమిల్లు ఉండేది. లారీల్లో దుంగలు వచ్చి దిగేవి, పలకలై వెళ్లేవి. మా మామయ్య అక్కడ పెద్ద రంపం దగ్గర పనిచేసేవారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ రంపం గోలకి చెవులు చిల్లులు పడేవి. అత్తమ్మా నేనూ వంటింట్లో చేతిసైగలతోనే మాట్లాడుకునేవాళ్లం. నాకో వేలు చూపించిందంటే ఉప్పు తెమ్మని, రెండు చూపించిందంటే నీకేమీ రాదని. నాకు రెండు వేళ్లే ఎక్కువగా కనపడేవి.

మధ్యాహ్నం భోజనాల వేళకి రంపం ఆగేది. ఆగిందో లేదో, పిచ్చుకలు అందుకునేవి! రేకుల కప్పు కింద, దూలాల సందుల్లో, ఎక్కడ చూసినా అవే. పనివాళ్లు డబ్బాలు విప్పితే మెతుకుల కోసం కాళ్ల మధ్యకి దూకేవి. ఒకటైతే మామయ్య చెప్పు మీదెక్కి నిలబడి, ఆయన ముద్ద వైపే చూసేదట. "మీ అత్తకన్నా అదే నయం, కళ్లతోనే అడుగుతుంది" అనేవారాయన. అత్తమ్మ గరిటె చూపించేది.

ఆ తర్వాత మిల్లు మూతపడింది. రేకులూ దూలాలూ ఊడదీసుకుపోయారు. పాత యంత్రం కింది ఇనప దిమ్మ, దాని పక్కన కూలిన షెడ్డు గోడ, ఇవే మిగిలాయి. గూళ్లకి చోటు లేదు, మెతుకులు రాల్చేవాళ్లు లేరు. పిచ్చుకలూ పోయాయి. అదే రోజుల్లో మామయ్య చూపు కూడా కొంచెం కొంచెంగా పోయింది. ఆపరేషను చేసినా లాభం లేదని డాక్టరు చెప్పేశాడు.

ఇంక ఆయనకి పెరటి గుమ్మమే లోకమైంది. అక్కడో పాత స్టూలు వేసుకుని, గోడ వైపు చెవి పెట్టి కూర్చునేవారు. మధ్యాహ్నం కాగానే, "రంపమైతే ఆగింది గానీ పిచ్చుకలు ఇంకా అందుకోలేదేమిటే?" అనేవారు. మొదట్లో మేం నవ్వేవాళ్లం. ఆయన రోజూ అంటూంటే నవ్వడం మానేశాం.

అలాంటప్పుడు ఒక మనిషి వీధిలోకి వచ్చింది. మెళ్లో దుర్భిణీ, కాళ్లకి బురద బూట్లు. వాడకుండా పడి ఉన్న స్థలాల్లోకి పిట్టల్ని మళ్లీ రప్పించే సంఘం ఒకటుందట, దాని తరఫున వచ్చిందట. మేం ఆవిడకి పిట్టల పంతులమ్మ అని పేరు పెట్టేశాం. మిల్లు యజమాని కొడుకుని, చినబాబనేవాళ్లం, ఆవిడ అప్పటికే ఒప్పించుకుని వచ్చింది. "వానలు వెనకబట్టాక వచ్చి చూస్తాను. పిట్టలు గూళ్లు పెడితే ఆ స్థలం జోలికి రాను. లేదంటే గోడౌను లేపుతాను" అన్నాడట ఆయన.

"ఇక్కడ పనిచేయడానికి ఎవరొస్తారు?" అని పంతులమ్మ అడగ్గానే అందరికంటే ముందు చెయ్యెత్తింది అత్తమ్మ. తిట్టడానికి తప్ప ఆ చెయ్యి పైకి లేవడం మా వీధిలో ఎవరూ చూడలేదు. నేను నోరెళ్లబెట్టాను.

ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ, నా మొహం చూడకుండా అంది: "కళ్లు నేను తెచ్చివ్వలేను కదే. చెవులున్నాయిగా ఆయనకి. వాటికైనా ఏదో ఒకటి తెచ్చివ్వాలి."

ఇంక చూడు మా సందడి. రిటైరైన బస్సు డ్రైవరు బాబాయి చెక్కలతో గూళ్లు చేశాడు. చేసినవాడు ఊరుకున్నాడా, వాటికి బస్సుకి వేసినట్టే ఎర్రరంగు వేసి నంబర్లు రాశాడు. "లేకపోతే ఏ పిట్ట ఏది ఎక్కాలో దానికెలా తెలుస్తుంది?" అన్నాడు. ఎదురింటి టైలరమ్మ ఒక్కో గూటికి పువ్వుల గుడ్డతో కర్టెను కుట్టి తెచ్చింది. ఆడపిట్టలకి చాటు ఉండొద్దా అని ఆవిడ వాదన. పంతులమ్మ వాటిని చూసి దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కర్టెన్లు మటుకు తీయించింది. నీళ్లకో వెడల్పాటి మట్టి మూకుడు పెట్టించి, "మిగతాదంతా మెల్లగా అదే అవుతుందండీ" అని చెప్పి, వేరే ఊళ్లో పనుందని వెళ్లిపోయింది.

ఆ మాట అత్తమ్మకి నచ్చలేదు.

"పాపం, మొహమాటానికలా అంది. అదే అవ్వడానికి ఇల్లెప్పుడైనా తనంతట తను ఊడ్చుకుందా? చుట్టాలొస్తున్నారంటే వాకిలి శుభ్రంగా ఉండొద్దూ?"

మా అందరికీ సబబే అనిపించింది. మరి మా పెంపకాలు అలాంటివి! గడ్డి పరక మిగల్చకుండా పీకాం. ఎండు కొమ్మలు, రాలిన ఆకులు, పాత రంపపు పొట్టు అన్నీ తట్టలకెత్తి అవతల పారబోశాం. నేల అరచెయ్యిలా తయారైంది. తెల్లారగానే అత్తమ్మ కొంగు బిగించి, పుల్లల చీపురు పట్టుకుని ఆ స్థలమంతా ఊడ్చేది. పొద్దున్నే గింజలు చల్లేది. సాయంత్రానికి, "ఇలా చిందరవందరగా ఉంటే ఏం బాగుంటుంది" అని తను చల్లిన గింజల్ని తనే ఊడ్చేసేది.

పిట్టలు వచ్చాయా? ఒక కాకి వచ్చింది. మూకుట్లో నీళ్లు తాగి, బస్సు బాబాయి నంబరు మీద రెట్ట వేసింది. అత్తమ్మ చీపురుతో తరిమింది. "నీకు టిక్కెట్టు లేదు పో!" అన్నాడు బాబాయి.

మామయ్య మాత్రం రోజూ పొద్దున్నే స్టూలు మీద కూర్చుని వినేవారు. చీపురు బరబరా వినపడేది. పిచ్చుకలు వినపడేవి కావు. "ఏమండీ, ఏమైనా వచ్చాయా?" అని అత్తమ్మ గోడ అవతల నుంచి కేకేసేది. "ఇంకా దారిలో ఉన్నట్టున్నాయే" అనేవారు ఆయన. ఆ మాటకి ఆవిడ మరింత జోరుగా ఊడ్చేది.

తొలకరి పడిన వారంలో తడినేల మీద జారి అత్తమ్మకి నడుం పట్టేసింది. మంచం దిగొద్దన్నాడు డాక్టరు. ఆవిడ లేకపోతే ఆ చీపురుకి దిక్కెవరు? టైలరమ్మకి మిషను పని. బస్సు బాబాయికి వంగితే లేవడం కష్టం. నాకు ఇల్లూ, పిల్లలూ, మంచం మీద అత్తగారూ. వానలేమో కురుస్తూనే ఉన్నాయి. నువ్వు నమ్మవుగానీ, అరచెయ్యిలా ఉన్న ఆ నేల నెల తిరిగేసరికి మోకాలెత్తు అడవైపోయింది. గడ్డి వెన్నులు వేసింది. కూలిన గోడ మీద తీగలు పాకాయి. ఎక్కడివో పురుగులు, సీతాకోకచిలుకలు.

"నా పరువంతా గంగలో కలిసింది. చినబాబు వచ్చి చూస్తే ఏమంటాడు? ఇంత చేసింది అడవి పెంచడానికా?" అని మంచం మీద నుంచే గొణిగేది అత్తమ్మ. వానలు వెనకబట్టాయి. రేపు వస్తున్నానని చినబాబు కబురు పంపాడు. ఇంక ఆవిడ ఆగుతుందా? తెల్లారగానే గోడ పట్టుకుని లేచింది.

"చీపురెక్కడే?"

"నేను తియ్యలేదత్తమ్మా."

పెరటి మూల చూసింది, తలుపు వెనక చూసింది. ఎక్కడా లేదు. మామయ్య స్టూలు మీద కూర్చుని ఉన్నారు, ఎప్పటికంటే నిటారుగా.

"ఏమండీ, చీపురు చూశారా?"

"భలే అడిగావు! నేనేదైనా చూసి ఎన్నేళ్లయిందే?"

"హాస్యాలు తర్వాత. చినబాబు వచ్చేస్తాడు."

"రానీ."

నాకప్పుడు కనిపించింది. ఆయన పంచె కిందుగా, స్టూలుకి ఈ పక్కనా ఆ పక్కనా పుల్లలు పొడుచుకొచ్చి ఉన్నాయి. చీపురు మీద కూర్చున్నారు మహానుభావుడు! అత్తమ్మా చూసింది. నడుం నొప్పి మరిచిపోయి ఒక కొస పట్టుకుని లాగింది.

"లేవండి! ఈ వయసులో ఇవేం చేష్టలు? పుల్లలు గుచ్చుకోవట్లేదూ?"

"గుచ్చుకుంటున్నాయే! నువ్వు త్వరగా నోరు మూసుకుంటే త్వరగా లేస్తాను. ఒక్క క్షణం విను."

అత్తమ్మ నోరు మూసింది. అదే ఒక వింత అనుకో. మొదట ఏమీ లేదు. తర్వాత గోడ అవతల ఒక కిచ్. దానికి జవాబుగా ఇంకొకటి. ఆ తర్వాత, పూర్వం రంపం ఆగగానే అందుకున్నట్టు, ఒక్కసారిగా అన్నీ.

నేను అత్తమ్మకి భుజం ఆసరా ఇచ్చి గోడ దాకా నడిపించాను. గడ్డి వెన్నుల మీద పిచ్చుకలు ఊగుతున్నాయి. బరువుకి వెన్ను వంగితే కిందికి జారి, రాలిన గింజ ఏరుకుని మళ్లీ పైకెగురుతున్నాయి. ఒకటి నోటి నిండా ఎండుగడ్డి పెట్టుకుని బస్సు బాబాయి ఎర్ర గూట్లోకి దూరింది. కూలిన గోడ కన్నంలోంచి పిల్లలు నోళ్లు తెరిచి అరుస్తున్నాయి.

 అత్తమ్మ వెనక్కి వచ్చి మామయ్య ముందు నిలబడి, "ఎన్నాళ్లయింది వచ్చి?" అంది.

"నువ్వు మంచం పట్టిన కొన్నాళ్లకే. ఇంటి గోలలో మీకెవరికీ వినపడలేదు."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నువ్వు ఊడవకపోతే వచ్చాయని చెప్పనా? నా కోసం నడుం విరగ్గొట్టుకున్నదానికి అది చెప్పడానికి నాకు నోరు రాలేదే."

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "గింజలు కూడా ఊడ్చేశానండీ! పిలిచి పీట వేసి, కంచం లాగేసినట్టు!" నవ్వితే నడుం పట్టేసి "అబ్బా" అంది, మళ్లీ నవ్వింది.

చినబాబు వచ్చాడు. మెరిసే బూట్లతో గడ్డిలోకి దిగి, "ఇదేమిటి, ఇంత పాడుపడనిచ్చారు?" అన్నాడు. అత్తమ్మ గోడ మీద నుంచి, "మెల్లగా మాట్లాడు నాయనా, బాలింతలున్నారు" అంది. ఆయన కన్నంలోకి తొంగి చూశాడు, అక్కడే గొంతుక్కూర్చున్నాడు. చిన్నప్పుడు దుంగల మీద కూర్చుని తన బిస్కట్టు ముక్కలు వీటికే వేసేవాణ్ణని చెప్పాడు. మాట తప్పలేదు. గోడౌను ఊరి అవతల కట్టుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన పంతులమ్మ స్థలమంతా చూసి, "ఇంత బాగా ఎలా చేశారండీ?" అంటే, "నడుం పట్టేసిందమ్మా" అంది అత్తమ్మ.

ఆ చీపురుని పెరటి గోడకి మేకు కొట్టి వేలాడదీసింది. పిచ్చుకలు దాని కట్టు నారతాడు పీచు పీచుగా లాక్కెళ్లి గూళ్లలో పెట్టుకున్నాయి. ఒకరోజు కట్టు వీడిపోయి పుల్లలన్నీ నేలమీద పడ్డాయి. ఎవరూ ఏరలేదు.

ఒక్కటే లోటొచ్చింది. "నువ్వెక్కడున్నావో ఇన్నాళ్లూ నీ చీపురు చెప్పేదే. ఇప్పుడు తెలియట్లేదు" అన్నారు మామయ్య. ఆ మర్నాటి నుంచి ఆవిడ ఆ గడ్డిలో తిరుగుతూ పిచ్చుకల్ని తిట్టడం మొదలుపెట్టింది. "ఏయ్ దొంగమొహమా, నిన్నటి గింజలు తినకుండా కొత్తవి కావాలా నీకు?" అని. ఆ తిట్లు ఎటు నుంచి వినపడితే మామయ్య మొహం అటు తిరిగేది. ఎండపొద్దుకి పొద్దుతిరుగుడు పువ్వు తిరిగినట్టు. ఆ మొహం నా కళ్లకి ఇప్పటికీ కట్టినట్టుంది.

ఇద్దరూ లేరు ఇప్పుడు. కిచకిచ ఉంది. నా మాటొకటి గుర్తుపెట్టుకో తల్లీ. నీ పిల్లలకి ఇది నువ్వు చెప్పాలి. తెలియక ఊడ్చిందని చెప్పి ఊరుకోకు, ఎవరి కోసం ఊడ్చిందో కూడా చెప్పు. ఆయన చీపురు మీద కూర్చున్న చోటికొచ్చాక కాస్త ఆగు, వాళ్లని నవ్వనీ. ఆ తర్వాత ఈ కిటికీ రెక్క తెరిచి, నోళ్లు మూయించి, వినిపించు.