ఒక్క చుట్టు

పొద్దున్న వచ్చినప్పటి నుంచి ఇది పదిహేడో టేపు చుట్ట. ఎడమ చక్రం మీది టేపు కుడి చక్రం మీదికి పాకుతోంది. టేపులాయన ఎడమ బొటనవేలు దాని అంచుని తాకీ తాకకుండా వెంట పోతోంది. ఎక్కడైనా మడత పడితే కళ్ళకంటే ముందు ఆ వేలికి తెలుస్తుంది.

ఏడాదికోసారి గదిలోని ప్రతి టేపునీ ఇలా తిప్పి చుట్టాలి. లేకపోతే పొరకి పొర అంటుకుంటుంది. ఒక పాట వెనక ఇంకో పాట దయ్యంలా మూలుగుతుంది. గదిలో నాలుగు వేల పైచిలుకు టేపులు. చివరి అలమరకి వచ్చేసరికి మొదటి అలమర మళ్ళీ మొదలు. నలభై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. ఇలాంటి పని ఒకటుందని పై అంతస్తు వాళ్ళకి తెలియదు. తెలిసుంటే ఎప్పుడో తీసేసేవాళ్ళు.

పొట్టి మనిషి. మెడ కాస్త ముందుకి వాలి ఉంటుంది. చొక్కా కాలరు అరిగిపోతే భార్య తిరగేసి కుట్టింది. ఆ బొటనవేలి మీద గీతలు లేవు, టేపు అంచు అంతా తినేసింది. నదిలో దొరికే గులకరాయిలా నున్నగా ఉంటుంది. రెండేళ్ళ కిందట కంపెనీవాళ్ళు గేటు దగ్గర వేలిముద్ర మిషను పెట్టారు. అది ఆయన్ని ఒక్కరోజు కూడా గుర్తుపట్టలేదు. నలభై ఏళ్ళు ఒళ్ళు అరగదీసుకుంటే మిషను చెప్పే మాట, నువ్వెవరో తెలియదని. అందుకని గేటాయన పాత పుస్తకం ఒకటి బల్ల కింద దాచి, వచ్చిన టైమూ పోయిన టైమూ చేత్తో రాస్తాడు.

"వేలు అరిగింది సరే, పేరు కూడా అరిగిందేమో చూసుకో బావా," అన్నాడు ఇవాళ పొద్దున్న కూడా. రోజూ అనే మాటే. రోజూ ఇద్దరూ నవ్వుతారు.

తలుపు మీద రెండు సార్లు కొట్టి ఇంజనీరమ్మ లోపలికి వచ్చింది. పాత రికార్డుల దుమ్ము దులిపి కొత్తగా తయారుచేసే పని ఆవిడది. ముప్పై ఏళ్ళుంటాయి, మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోను వేలాడుతుంది. చేతిలో ఆ టేపు డబ్బా ఉంది. దాన్ని చూడగానే టేపులాయన బొటనవేలు ఆగింది.

అది క్రిస్మస్ పాటల రికార్డు. నలభై ఏళ్ళ కిందట పదకొండు మంది ఒక్కరోజులో కూర్చుని వాయించారు. గొంతు ఉండదు. పియానో, గిటార్లు, వయొలిన్లు, చిన్న గంటలు, వాటి కింద తీగల కుంచెలతో డ్రమ్ము మీద మెత్తటి దరువు. ఏటా చలికాలం వచ్చేసరికి ఎన్ని ఇళ్ళలో మోగుతుందో లెక్కలేదు. మూడు వారాల్లో కొత్తగా శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేస్తున్నారు. ఎదురుగా ఉన్న రికార్డుల కొట్టు అద్దానికి నిలువెత్తు పోస్టరు వేశారు. దాని ముందు జనం నిలబడి అందులోని అక్షరాలు మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నారు.

"బాబాయ్, ఒక్క మాట," అంది ఇంజనీరమ్మ. "ఇది మొదటినుంచీ ఇంత నిదానమా?"

"అందరికీ తెలిసిందే కదమ్మా. అదే దాని గొప్ప అంటారు."

"వాళ్ళంటారు. నేను వేరే అడుగుతున్నా. టేపులో పాట వెనక సన్నగా కరెంటు రొద ఉంది, ఏ పాత టేపులోనైనా ఉంటుంది. ఆ రొద ఎప్పుడూ ఒకే శ్రుతిలో ఉండాలి. ఇందులో కిందికి దిగింది. వాయించినవాళ్ళు నిదానంగా వాయించారనుకుందాం, కరెంటుకి కూడా బద్ధకమా?"

టేపులాయన తిరుగుతున్న చక్రాలని ఆపాడు.

"నా లెక్క ప్రకారం నూటికి మూడు పాళ్ళు నెమ్మదిగా నడుస్తోంది. సరిచేద్దామంటే పైవాళ్ళు ఒప్పుకోవట్లేదు. జనం మరిగినదాన్ని ఎందుకు కెలుకుతావంటున్నారు. గట్టి సాక్ష్యం చూపిస్తే సరే, లేకపోతే ఉన్నదున్నట్టు నాలుగింటికి ఫ్యాక్టరీకి పంపేయమన్నారు. ఆ రోజు గదిలో ఉన్నవాళ్ళలో మిగిలింది మీరూ..."

"ఇంకొకడున్నాడు."

"ఎవరు?"

"చూసి చెప్తానమ్మా," అన్నాడు టేపులాయన. డబ్బా అక్కడ పెట్టి వెళ్ళమన్నాడు.

ఆవిడ వెళ్ళాక డబ్బా మూత తెరిచాడు. మూత లోపలి మూల ఒక చిన్న ముక్క అంటించి ఉంది. వేలి వెడల్పు కూడా లేదు. ఒకప్పుడు తెల్లనిది, ఇప్పుడు టీ మరక రంగు. చూసినవాళ్ళు చిరిగిన మూతకి అతుకు అనుకున్నారు. మూత ఎక్కడా చిరగలేదు.

ఆ రికార్డింగు నాటికి టేపులాయన ఉద్యోగంలో చేరి ఏడు నెలలు. ఇంకా ఖాయం చేయలేదు. ఆ రోజు రికార్డింగు మిషనులో టేపుని లాగే కడ్డీ నున్నబడి జారుతోంది. పెన్సిలంత కడ్డీ. మెకానిక్కు రాలేదు. గాజు అద్దానికి అవతల పదకొండు మంది వాద్యాలు సర్దుకుని కూర్చున్నారు. పియానో పెద్దాయన గడియారం చూస్తున్నాడు. టేపులాయన తెగిన టేపుకి వేసే అతుకు ముక్క ఒకటి కోసి కడ్డీకి ఒక్క చుట్టు చుట్టాడు. పట్టు దొరికింది. రికార్డింగు అయిపోయింది. అదే మిషను మీద అందరూ విన్నారు, భేషుగ్గా ఉంది. సాయంత్రం ఆ ముక్క ఊడదీశాడు.

అంతే జరిగింది. ఆ ఒక్క చుట్టుకి కడ్డీ వెంట్రుకవాసి లావయింది. లావయిన కడ్డీ టేపుని వేగంగా లాగింది. పరుగెత్తే టేపు మీద ఎక్కించిన పాటని నడిచే టేపు మీద వింటే నిదానంగానే వినిపిస్తుంది మరి. వారం తర్వాత మొదటి రికార్డు వచ్చింది. విని పియానో పెద్దాయన మొహం మాడ్చుకున్నాడు. "ఆ కుంచెలవాడు నత్తలా ఈడ్చేశాడు నా పాటని," అన్నాడు. ఆ మాట పది స్టూడియోలు తిరిగింది. ఇంకో నెలకి పత్రికలు రాశాయి, ఎంత నిదానం, ఎంత శాంతం, మంచు రాలినట్టు ఉందని. పెద్దాయన వెంటనే మాట మార్చి, నేనే అలా కావాలని వాయించానన్నాడు. మెప్పు ఆయన పట్టుకుపోయాడు. నత్త పేరు మాత్రం కుంచెలవాడికి వదిలేశాడు. రికార్డు అట్ట మీద పదకొండు పేర్లు ఉండాల్సిన చోట పెద్దాయన పేరు ఒక్కటే ఉంది. ఇలాంటి అట్టలు ఎన్ని ఉన్నాయో వెతకండి, చేతులు నొప్పెడతాయి.

టేపులాయనకి ఆ వారమే తెలిసింది తప్పు ఎవరిదో. ఇంట్లో భార్యకి నెలలు నిండుతున్నాయి. చెబితే ఉద్యోగం పోతుంది. వచ్చే నెల చెబుదామనుకున్నాడు. వచ్చే నెల, వచ్చే ఏడాది. ఊడదీసిన ముక్కని పారేయడానికి మాత్రం చెయ్యి రాలేదు. మూత లోపల అంటించాడు.

కుంచెలవాడికి పిలుపులు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. మాకు హుషారు కావాలయ్యా, నత్త కాదు అన్నారు. పదేళ్ళు వ్యాను తోలాడు. ఆ తర్వాత ఈ కంపెనీ గేటు దగ్గర కాపలా పని ఖాళీ అయితే టేపులాయనే వెళ్ళి పిలుచుకొచ్చాడు. నేనున్నాను కదా బావా, రా అన్నాడు. ముప్పై ఏళ్ళుగా రోజూ రెండు తిండి డబ్బాలు తెస్తున్నాడు, ఒకటి తనకి, ఒకటి గేటాయనకి. భార్య ఎప్పుడైనా అడిగేది, ఎవరికీ లేని ఈ ప్రేమేంటండీ అని. ఆయన డబ్బాలు సంచిలో పెట్టుకుని బయల్దేరేవాడు.

ఒంటిగంటకి రెండు డబ్బాలూ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు. గేటాయన స్టూలు పక్కకి జరిపి చోటిచ్చాడు. పొడుగాటి మనిషి. టోపీ తీసి మేకుకి తగిలించాడు. రొట్టె, ఉడికించిన గుడ్డు, బంగాళాదుంప ముక్కలు. తినే ముందు చెంచాతో డబ్బా మూత మీద సన్నగా దరువు వేయడం ఆయన అలవాటు. తనకే తెలియదు వేస్తున్నట్టు.

"చెల్లెమ్మ ఉప్పు మర్చిపోయిందా, నీకు బీపీ వచ్చిందా?"

"బీపీనే."

"నీ బీపీకి నాకెందుకు బావా శిక్ష పడాలి?"

టేపులాయన నవ్వబోయాడు. సగం కొరికిన గుడ్డు తిరిగి డబ్బాలో పెట్టాడు.

గేటు అవతల ఇద్దరు నిలబడ్డారు. ఒకాయన మఫ్లరు చుట్టుకున్నాడు. ఇంకొకాయన లెక్కల మాస్టారు, బడి లేని శనివారమల్లా వస్తాడు. ఇంట్లో ఆ రికార్డువి తొమ్మిది కాపీలున్నాయని ఎవరూ అడక్కపోయినా చెబుతాడు.

"తాతా, లోపల ఏం చేస్తున్నారో ఏమైనా తెలిసిందా? పాడు చేయట్లేదు కదా?" అన్నాడు మఫ్లరాయన.

"నాకేం తెలుసు బాబూ, గేటు కాసుకునేవాణ్ణి."

"ఆ గీరు చప్పుడు తీసినా తీయకపోయినా ఫర్వాలేదు. ఆ నిదానం పోకూడదు. నేను నా గిటారు శ్రుతిని దానికోసమని ఎప్పుడూ కాస్త దించే ఉంచుతాను, తెలుసా?"

"ఆ డ్రమ్ములాయన ఎవరో గానీ," అన్నాడు మాస్టారు, "నిజంగా నత్తేనండీ. వెనక్కి వెనక్కి పోతుంటాడు. పెద్దాయన కాబట్టి సర్దుకొచ్చాడు."

"అంతేనంటారా," అన్నాడు గేటాయన. రొట్టె ముక్క తుంపి నోట్లో పెట్టుకున్నాడు.

ఎప్పుడో ఒకసారి చెప్పాడు, ఆ డ్రమ్ములు నేనే వాయించానని. నవ్వి వెళ్ళారు. మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.

వాళ్ళు రోడ్డు దాటాక గేటాయన చెంచా పక్కన పెట్టాడు. "పెద్దాయనన్నా, వీళ్ళన్నా నాకు కోపం లేదు బావా. ఆ రోజు నేను సరిగ్గానే వాయించాననుకున్నాను. రికార్డు విన్నాక తెలిసింది, నా చెయ్యే అంత అని. వ్యాను తోలే రోజుల్లో సిగ్నలు దగ్గర ఆగితే గడియారం ముల్లు చూస్తూ తొడ మీద వాయించేవాణ్ణి. సరిపోయేది. కానీ రికార్డు అబద్ధం చెప్పదు కదా."

టేపులాయన డబ్బా మూత పెట్టేశాడు. సగం కూడా తినలేదు.

"ఏమైంది?"

"పనుంది. మూడింటికి పైకి రా. ఇంజనీరమ్మ గదికి."

"గేటెవరు చూస్తారు?"

"ఒక్క పది నిమిషాలు. రా."

తన గదిలోంచి టేపు డబ్బా తీసుకుని మెట్లెక్కాడు. ఇంజనీరమ్మ ముందు డబ్బా మూత తెరిచి ఆ ముక్క చూపించాడు. చెప్పాల్సింది నాలుగు వాక్యాల్లో అయిపోయింది. నలభై ఏళ్ళు మోసినది ఇంత చిన్నదా అని ఆయనకే వింతగా అనిపించింది. ఆవిడ కొలిచే పరికరం తెచ్చి ముక్క మందం కొలిచింది. కాగితం మీద లెక్క వేసింది. చూసి కుర్చీలో వెనక్కి వాలింది.

"నూటికి మూడు. బాబాయ్, అచ్చంగా మూడు!"

"సరిచెయ్యమ్మా."

"కొట్టు ముందున్న ఆ జనం నన్ను తరిమి కొడతారేమో."

"కొడితే నా పేరు చెప్పు."

"అట్ట మీద ఈసారి వాయించిన అందరి పేర్లూ వేస్తాను. రాసివ్వండి. మీదీ."

పదకొండు పేర్లు రాశాడు. కుంచెలవాడి పేరు మొదట రాశాడు, ఇంటిపేరుతో సహా. తనది రాయలేదు.

మూడింటికి గేటాయన వచ్చాడు. టోపీ పెట్టుకునే తలుపు దగ్గర నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఇంజనీరమ్మ వేగం సరిచేసి రెండో వైపు మొదటి పాట పెట్టింది, గంటలతో మొదలయ్యేది. గంటలు మోగాయి. నాలుగో గంటకి కుంచెలు వచ్చాయి.

అది నిద్రపుచ్చే పాట కాదు. చలిలో చేతులు రుద్దుకుంటూ ఎవరింటికో బయల్దేరిన మనుషుల నడకలా ఉంది. ఆ నడకని ముందుండి నడిపిస్తున్నది కుంచెలే. గేటాయన కుడిచేతి వేళ్ళు ప్యాంటు మీద కదిలాయి. దెబ్బకి దెబ్బ సరిగ్గా పడుతోంది. పాట అయిపోయింది. వేళ్ళు ఇంకో రెండు దెబ్బలు వేసి ఆగాయి.

"ఇది నా చెయ్యి," అన్నాడు.

"అవును," అన్నాడు టేపులాయన. మూత తెరిచి ముక్క చూపించి, అవే నాలుగు వాక్యాలు మళ్ళీ చెప్పాడు. ఈసారి ఎక్కువ సేపు పట్టింది.

గేటాయన వంగి ముక్కని చూశాడు. తాకలేదు.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఎప్పుడు తెలిసింది?"

"వారానికి."

"ఏ వారానికి?"

"అప్పటి వారానికే బావా."

కింద ఏదో వ్యాను హారన్ కొట్టింది. గేటాయన టోపీ సర్దుకున్నాడు. గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"వస్తానండీ. గేటు దగ్గర ఎవరూ లేరు," అన్నాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "మీరు ఆ డబ్బా మూత జాగ్రత్తగా పెట్టుకోండి."

ముప్పై ఏళ్ళలో ఆయన నోట ఆ 'మీరు' టేపులాయన ఎప్పుడూ వినలేదు.

పైవాళ్ళు ముక్కా లెక్కా చూసి ఒప్పుకున్నారు, నాలుగింటికి సరిచేసిన రికార్డు ఫ్యాక్టరీకి వెళ్ళింది. టేపులాయన కిందికి వచ్చి పద్దెనిమిదో చుట్ట ఎక్కించాడు. పందొమ్మిదోది కూడా చుట్టాడు. సాయంత్రం గది తాళం వేసి గేటు దగ్గరికి వచ్చేసరికి స్టూలు దగ్గర ఎవరూ లేరు. మేకుకి టోపీ ఉంది. బల్ల మీద తాళాల గుత్తి ఉంది. వేలిముద్ర మిషను మీద అలవాటుగా బొటనవేలు పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది.

బల్ల కింది పుస్తకం ఇవాళ పైకి తీసి ఉంది. ఇవాళ్టి గీతలో టేపులాయన పోయే టైము ముందే రాసి ఉంది. రోజూ ఒట్టి పొడి అక్షరం గిలికే చోట పూర్తి పేరు, దాని చివర 'గారు'.

గేటు అవతలి నుంచి మఫ్లరాయన కేకేశాడు. "తాత వెళ్ళిపోయాడండీ! ఇక రాడట, తాళాలు లోపల పెట్టానని చెప్పమన్నాడు. ఏమైనా గొడవా? రోజూ కాళ్ళీడ్చే మనిషి, ఇవాళ ఆ నడకేంటండీ బాబూ! నేను పరుగెత్తినా అందుకోలేకపోయాను."

టేపులాయన స్టూలు వైపు చూశాడు. దాని మీద చెల్లెమ్మ పంపిన తిండి డబ్బా కడిగి బోర్లించి ఉంది, ఇంకా తడి ఆరలేదు. పక్కన మూత వెల్లకిలా, ముప్పై ఏళ్ళ చెంచా దెబ్బలకి పడ్డ సొట్టలు ఒకదాని పక్కన ఒకటి, కొలిచి కొట్టినట్టు, అన్నీ ఒకే దూరంలో.