ఆరో రూలు, తొమ్మిదో రూలు, నా తిత్తి

రండి రండి, ఇంకాస్త ముందుకు జరగండి. ఆ వెనక కబుర్లు కాసేపు కట్టిపెట్టండి. బఠానీలు నమిలేవాళ్లు నోట్లో ఉన్నవి మింగేసి పొట్లం పక్కన పెట్టండి. మీతో పోటీపడి అరిచే గొంతు కాదు నాది.

నేను ఒక హార్మోనీ పెట్టెని. విజయనగరంలో ఒక ఆచారి చేశాడు నన్ను. టేకు కోసం ఆయన అడవికి వెళితే ఒక చెట్టు తనంతట తానే అడ్డంగా పడుకుని, "ఇక్కడ కొయ్యవయ్యా" అందట. ఆ చెట్టే నేను. మొదటిసారి తిత్తి నొక్కి 'స' పలికించగానే వీధిలో గేదెలన్నీ దూడలు లేకుండానే చేపేశాయి. బిందెలు చాలక కొందరు గొడుగులు తిరగేసి పట్టుకున్నారు.

మొదట ఒక నాటక సమాజం నన్ను కొంది. అక్కడ ఒక పద్యానికి రాగం ఎంత లాగానంటే, పెళ్లిచూపులకు పోతూ విందామని నిలబడ్డ కుర్రాడు, రాగం అయ్యేసరికి ముసలాడైపోయి ఆ పిల్ల మనవరాలి బారసాలకు వెళ్లాడు. నమ్మకపోతే ఆయన్నే అడగమందును, పాపం పోయాడు. తర్వాత ఒక భజన సమాజం చేతికొచ్చాను. మనుషులు నా మీద చెయ్యి వేయగానే కళ్లు మూసుకుంటారు. దేవుడు కనపడాలనో, తప్పు మెట్టు కనపడకూడదనో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ భజన సమాజం వాళ్లు నాకు కొత్త మెట్లు వేయించి, సాలూరులో లారీ షెడ్ల వెనకున్న ఒక చిన్న సంగీత పాఠశాలకు ఇచ్చేశారు. నలభై రెండుమంది పిల్లలు. ఇక్కడ నా పేరు ఒడిశా దాకా మోగుతుంది అనుకున్నాను.

ఆ బడి ప్రిన్సిపాల్ లోకనాథం గారు. చెడ్డవాడు కాడు, భయస్తుడు. కళలు నేర్పే బడులకు పైనుంచి వచ్చిన ఇరవైమూడు రూళ్లను అద్దం కట్టించి గోడకు తగిలించాడు. పిల్లకు ఇంత జాగా ఉండాలి, ఇంత గాలి ఆడాలి, మంచినీళ్లు ఉండాలి, ఏటా పరీక్ష పెట్టాలి, ఇలాంటివన్నీ. అందులో ఆరో రూలు, ప్రతి పిల్లా వారానికి అరగంట వాయిద్యం మీద సాధన చెయ్యాలని. తొమ్మిదో రూలు, వాయిద్యం పాడైతే ప్రిన్సిపాలే జవాబు చెప్పాలని. తొమ్మిదోది చదివిన రోజు ఆయనకు చెమట పట్టింది. సాయంత్రానికి నన్ను బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆరోది ఆ బీరువా వెనక్కి పోయింది.

పాఠం చెప్పే పుణ్యవతి టీచరు ఏం చేస్తుంది? లారీలకు రంగులేసే షెడ్డు నుంచి చెక్క పలకలు తెప్పించి, వాటి మీద తెల్లమెట్లూ నల్లమెట్లూ వేయించింది. పిల్లలు ఆ పలక మీద వేళ్లు ఆడిస్తూ, ఏ మెట్టు నొక్కితే ఆ స్వరం నోటితో పాడేవాళ్లు. నేను చీకట్లో కూర్చుని వినేవాణ్ని. పోనుపోను బీరువా కన్నంలోంచి ఒక ఎలుకమ్మ వచ్చి, నా తిత్తిని కొరికి, లోపల కాపురం పెట్టి, అయిదుగురు పిల్లల్ని కంది. అరుద్దామంటే నాకు గాలి కావాలి. గాలి వెళ్లే దారిలోనే పురుడు.

రెండేళ్లు గడిచాయి. ఒక సోమవారం కాగితం వచ్చింది. మర్నాడే తనిఖీ. తేడా కనపడితే గుర్తింపు పోతుంది. గుర్తింపు పోతే పిల్లలెవరూ మార్చిలో పరీక్షకు కూర్చోలేరు.

లోకనాథం గారు సాధన పుస్తకం తెచ్చి, రెండేళ్ల అరగంటలన్నీ ఒక్క మధ్యాహ్నంలో నింపేశాడు. టీచరు ముందు పెట్టాడు.

"సంతకం పెట్టమ్మా పుణ్యవతీ."

"ఒక్క పిల్లయినా ముట్టలేదు కదా సార్. ఈ అరగంటలన్నీ ఎక్కడివండి?"

"గడియారంలోవేనమ్మా. ఏటి ఆలోచిస్తావు? బడుంటేనే కదా పిల్లలుంటారు!"

ఆమె పేజీలన్నీ ఒకసారి తిరగేసింది. చివరికి పెట్టింది. బీరువా సందులోంచి నేనంతా చూస్తూనే ఉన్నాను.

మర్నాడు తనిఖీ అధికారి విశాలాక్షి గారు వచ్చారు. గదులు కొలిచారు, నీళ్లు తాగి చూశారు. ఇక నన్ను బయటికి తీసి చాప మీద పెట్టారు. నా గుండె, అంటే ఎలుకమ్మ గుండె, టకటకా కొట్టుకుంటోంది. రెండూ ఒకచోటే ఉన్నాయి మరి.

దమయంతి అనే పదేళ్ల పిల్లను పిలిచారు.

"సరళీ వరసలు వాయించమ్మా."

పిల్ల బెదురుగా తిత్తి ఆడించి మెట్టు నొక్కింది. నేను ఉన్న బలమంతా పెట్టాను. "కీచ్" మన్నాను. అదీ నేను కాదు, ఎలుకమ్మ. పిల్ల వేళ్లు మాత్రం తప్పులేకుండా నడుస్తున్నాయి, స్వరాలన్నీ నోటితో పాడేస్తోంది.

"పాడమనలేదు. నోరు మూసుకుని వాయించు" అన్నారు విశాలాక్షి గారు.

దమయంతి నోరు మూసింది. వేళ్లూ ఆగిపోయాయి. ఎంత కదిపినా కదలవు. రెండేళ్లుగా ఆ రెండూ కలిసే నడిచాయి, ఒకటి లేకుండా రెండోదానికి దారి తెలీదు. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"రెండేళ్ల సాధనని పుస్తకంలో ఉంది. ఈ పిల్లకేమీ రాదు" అంటూ ఆవిడ పెన్ను తీశారు.

"రాయకండి మేడమ్!" పుణ్యవతి గొంతు నాకంటే పెద్దగా పలికింది. "దానికొచ్చు. అబద్ధం రాసింది నేను. ఆ పెట్టెని పిల్లలు ఇయ్యాలే సూస్తున్నారు."

లోకనాథం గారు గోడకు ఆనుకుపోయాడు. పుణ్యవతి వెళ్లి పలకలు తెచ్చి ముందు పెట్టింది. రంగు పోయి, ప్రతి మెట్టు దగ్గరా చెక్క గుంట పడింది. నా మెట్లేమో నిన్న కొన్నట్టు మెరుస్తున్నాయి. అంత సిగ్గు నాకెప్పుడూ వెయ్యలేదు. విశాలాక్షి గారు ఆ గుంటల్లో ఒక్కొక్కదాంట్లో వేలు పెట్టి చూశారు.

"పుస్తకంలో రాసిందంతా కొట్టేస్తున్నాను. గుర్తింపు ఇవ్వను, తీసెయ్యను. నెల తర్వాత వస్తాను. ఈ పిల్ల నోరు మూసుకుని వాయిస్తే పేర్లు పరీక్షకు పంపిస్తాను. లేకపోతే బోర్డు దించుకోండి. బీరువా తాళం టీచరుకివ్వండి."

"తొమ్మిదో రూలు మేడమ్..." అన్నాడు లోకనాథం గారు.

"ఆరు ముందొస్తుందా, తొమ్మిది ముందొస్తుందా?"

ఆయన నిజంగానే వేళ్లు లెక్కపెట్టి, "ఆరేనండి" అని తాళం ఇచ్చేశాడు.

అక్కడికక్కడే మొదలెట్టారు. ఎలుకమ్మను పిల్లలతో సహా కొబ్బరి చిప్పలోకి మార్చారు. తిత్తి కన్నానికి లోకనాథం గారే అరచెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి తీస్తే గాలి పోతుంది కాబట్టి కదలకుండా, చెమట కూడా తుడుచుకోకుండా కూర్చున్నాడు. నలభై రెండుమందీ మీదపడ్డారు. నెలంటే నాలుగే వారాలు. దమయంతి పెదాలు పళ్లకింద బిగబట్టి 'స' నొక్కింది. కదిలింది వేలు! రెండేళ్ల తర్వాత నేను నోరు విప్పాను. గేదెల సంగతి వదిలెయ్యండి, ఆ మోతకు నా చెవులకే భయమేసింది.

అధికారికి టీ తెచ్చిన అప్పన్న గుమ్మంలో గ్లాసులు పట్టుకుని అంతా విన్నాడు. పుణ్యవతి వైపు జాలిగా చూశాడు.

"పిల్లలు నోటితో బాగానే వాయించినారు కదమ్మా. మజ్జిలో ఆ పెట్టెని ఎందుకు లేపినారు? పాపం, దానికి సంగీతం రాదు."