పొగలేని పొయ్యి

నేను ఒక ఇనుప డ్రమ్మును. నీళ్ళు పట్టేదాన్ని కాదు, గింజలు దాచేదాన్నీ కాదు. పేడ కుళ్ళితే పుట్టే గ్యాసును పొట్టలో నింపుకుని పొయ్యికి పంపేదాన్ని. మార్కాపురంలో ఒక వెల్డింగు షెడ్డులో రేకులు వంచి, అతికించి, నల్లరంగు పూసి నన్ను తయారుచేశారు. కొండకింద పల్లెలో గురవయ్య ఇంటి పెరట్లో, పేడనీళ్ళ గోతిలో నన్ను బోర్లించారు.

అంతకుముందు గురవయ్య భార్య అంకమ్మ కట్టెలకోసం కొండెక్కేది. ఒకప్పుడు అడవి ఊరి వెనకే ఉండేదట. నేను వచ్చేనాటికి పొద్దున బయలుదేరిన ఆడవాళ్ళు మధ్యాహ్నం దాటాక తిరిగి వచ్చేవారు. "అడివి దూరమైపోయిందే" అనుకునేవారు, అదే లేచి నడిచి వెళ్ళినట్టు.

మూడు గేదెల పేడ కలిపి పోస్తే పదిహేను రోజులకు నేను పైకి తేలాను. అంకమ్మ పొయ్యి వెలిగించింది. నీలిమంట. ఆమె అత్త చెన్నమ్మ మాత్రం మొహం తిప్పుకుంది.

"పేడ గాలితో ఉడికిన కూడు నాకొద్దమ్మే. నా పొయ్యి నాకుంది."

పిడకల మీద కాగిన పాలు తాగి పెరిగిన మనిషే ఆమె! కట్టెలపొయ్యి ముందు కూర్చుని, దగ్గుతూ, ఊదుతూ, తన ఒక్కదానికే వండుకునేది.

ఒక వానాకాలం నాలుగు రోజులు ముసురు పట్టింది. కట్టెలు తడిశాయి. చెన్నమ్మకు జ్వరం, వంటింట్లో పరుచుకున్న చాప మీంచి లేవలేకపోయింది. అంకమ్మ ఏమీ అడగకుండా నా మంట మీద జావ కాచి, అత్త తల ఎత్తి పట్టించింది. ముసలామె గిన్నెడూ తాగి, పొగలేని పైకప్పు వంక చూసింది.

"వంటింట్లో ఇంత గాలాడుద్దని నాకు తెల్వదే అంకమ్మా."

జ్వరం తగ్గాక తానే రోజూ పెరట్లోకి వచ్చి నన్ను తట్టేది. "కడుపు నిండిందా తల్లీ?" అనేది. అంత ప్రేమగా నన్నెవరూ పలకరించలేదు. చనిపోయే ముందురోజు కూడా వచ్చింది.

తర్వాత మూడేళ్ళు వానలు లేవు. చెట్టులేని కొండ మీంచి వాగు దిగలేదు. మనుషులు బోర్లు వేశారు. అవీ ఎండితే ఇంకా లోతుకు వేశారు. మేత కరువై గేదెలు ఒక్కొక్కటే సంతకు పోయాయి. అంకమ్మ ఇల్లిల్లూ తిరిగి గంపతో పేడ తెచ్చి పోసింది. చివరికి ఊళ్ళో అడగడానికీ గొడ్డు మిగల్లేదు. నేను గోతి అడుక్కి దిగిపోయాను.

ఇంటికి సిలిండరు వచ్చింది. నాకు అసూయ లేదు. అంకమ్మ మళ్ళీ కట్టెలకు పోనందుకు సంతోషమే. కానీ అది నిండుకుంటే టౌను నుంచి బండి రావాలి. నాకైతే పెరట్లో గేదెలు ఉంటే సరిపోయేది.

పాత ఇనుము కొనేవాడు వచ్చిన రోజు ఆమె అడ్డుపడింది.

"ఉండనీరాదూ? రేపు గేదెల్ని కొంటే?"

"మేత యాడుందే?" అన్నాడు గురవయ్య మెల్లగా.

ఆమె నా ఒంటికి అంటుకుని ఎండిపోయిన పేడను గోటితో గీకి, పొట్లపాదు మొదట్లో వేసి లోపలికి వెళ్ళింది.

ఇప్పుడు ఈ పాత ఇనుము దుకాణం వెనక పడి ఉన్నాను. దారిన గేదెలు పోయినప్పుడల్లా చూస్తుంటాను, ఏవైనా కొండకింది మా పల్లెవైపు తిరుగుతాయేమోనని.